ఏ బ్యాగు, ఎన్ని గంటలు: పెరిటోనియల్ డయాలిసిస్‌లో నీరు తీయడానికి ఏది ఎంచుకోవాలి?

పెరిటోనియల్ డయాలిసిస్ అంటే, కిడ్నీలు పనిచేయనివాళ్లకు పొట్టలోకి గ్లూకోజు ద్రవం నింపి, కొన్ని గంటల తరువాత మలినాలతో, ఒంట్లోని అదనపు నీటితో సహా బయటికి తీసే చికిత్స. నీరు తక్కువగా దిగిందంటే చాలు, ఇంట్లోవాళ్ల చెయ్యి నేరుగా 4.25 శాతం గ్లూకోజు బ్యాగు మీదికి వెళుతుంది. గ్లూకోజు ఎక్కువ ఉంది కాబట్టి నీటినీ ఎక్కువ లాగుతుందని వాళ్ల లెక్క. ఆ లెక్క సగమే నిజం. ఆ ద్రవం పొట్టలో ఎన్ని గంటలు ఉంటుంది, మీ పొట్టపొరలోని రక్తనాళాల గోడ ఎలాంటిది అన్న రెండు సంగతులూ తెలియకుండా బ్యాగు ఎంచుకుంటే, ఒంట్లోకి చక్కెర ఎక్కుతుంది, కాళ్ల వాపు మాత్రం అలాగే ఉంటుంది. హైదరాబాదులో ఇళ్లకు వెళ్లి సీఏపీడీ, అంటే యంత్రం లేకుండా చేత్తో బ్యాగులు మార్చుకునే పద్ధతి, నేర్పించే పని నాది. మియాపూర్ అపార్ట్‌మెంట్లలోనూ, పాతబస్తీలోని ఒంటిగది ఇళ్లలోనూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఏ బ్యాగు పెట్టాలి?’ మార్చే నిర్ణయం మీ నెఫ్రాలజిస్టుదే. అయితే ఆ నిర్ణయం వెనక ఉన్న కారణం మీకు తెలిస్తే డాక్టరు ముందు సరైన ప్రశ్న వేయగలుగుతారు.

నాళం గోడలో మూడు దారులు

పెరిటోనియం అంటే పొట్ట లోపలి గోడనూ పేగులనూ కప్పి ఉంచే పలుచని పొర. పరిచి చూస్తే దాని వైశాల్యం ఇంచుమించు మన ఒంటి చర్మమంత ఉంటుంది. నీటిని ఆపేదీ వదిలేదీ మాత్రం ప్రధానంగా ఈ పొర కాదు, దాని కింద అల్లుకుని ఉన్న రక్తకేశనాళికల గోడ. మాగాయకు ఉప్పు పట్టించిన మామిడి ముక్కల నుంచి ఊట దిగినట్టే, పొట్టలో నింపిన గ్లూకోజు ద్రవం ఈ గోడ గుండా రక్తంలోని నీటిని బయటికి రప్పిస్తుంది. బడిలో ద్రవాభిసరణ అని చదువుకున్నది ఇదే. రక్తం గాఢత లీటరుకు దాదాపు 290 నుంచి 300 మిల్లీఆస్మోల్స్ (కరిగి ఉన్న కణాల కొలత) ఉంటే, 1.5 శాతం బ్యాగుది సుమారు 345, 2.5 శాతానిది 395, 4.25 శాతానిది 485. ఈ తేడాయే నీటిని లాగే బలం.

గోడలో రంధ్రాలన్నీ ఒకే తీరుగా ఉండి ఉంటే కథ ఇక్కడితో ముగిసేది. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన బెంగ్ట్ రిప్పె, ఆయన సహచరులు 1991లో లెక్కలు కట్టి చూస్తే, రోగుల్లో కనిపిస్తున్న నీటి ప్రవాహాన్ని వివరించడానికి మూడు రకాల రంధ్రాలు కావాల్సి వచ్చాయి. మొదటివి చిన్న రంధ్రాలు. కణానికీ కణానికీ మధ్య ఉండే ఈ సందుల గుండా నీరు, యూరియా, క్రియాటినిన్, సోడియం, గ్లూకోజు అన్నీ పోతాయి. రెండోవి పెద్ద రంధ్రాలు. చాలా అరుదుగా ఉంటాయి కానీ ఆల్బుమిన్ లాంటి ప్రోటీన్లు వీటి గుండానే కారిపోతాయి. రోజుకు 5 నుంచి 10 గ్రాముల ప్రోటీను బ్యాగులో పోయేది ఈ దారినే. గుడ్డు తినండి, పప్పు మానకండి అని డైటీషియన్ చెప్పేది అందుకే.

మూడోవి అతి సన్నని రంధ్రాలు. నీరు తప్ప ఇంకేదీ పట్టనంత సన్నవి. ఇలాంటివి ఉండి తీరాలని లెక్క చెప్పింది. ఆ మరుసటి ఏడాది, అంటే 1992లో, అమెరికాలో పీటర్ ఆగ్రె బృందం ఎర్ర రక్తకణాల నుంచి వేరుచేసిన ఒక ప్రోటీను నీటికి మాత్రమే దారి ఇస్తుందని చూపించింది. అదే ఆక్వాపోరిన్-1. ఆ పనికి ఆగ్రెకు 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పెరిటోనియం కేశనాళికల గోడకణాల్లోనూ ఈ ప్రోటీను నిండుగా ఉందని తరువాత తేలింది. లెక్కల్లో పుట్టిన రంధ్రం ఒంట్లో దొరకడం ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాని సంగతి.

మన ఎంపికకు పనికొచ్చే విషయం ఇక్కడే ఉంది. గ్లూకోజు చిన్న అణువు. చిన్న రంధ్రాల్లోంచి అది సులువుగా జారిపోతుంది కాబట్టి అక్కడ నీటిని లాగే శక్తిలో నూటికి మూడు నాలుగు పాళ్లు మాత్రమే పనికి వస్తుంది. ఆక్వాపోరిన్ దగ్గర గ్లూకోజు పూర్తిగా ఆగిపోతుంది, కాబట్టి అక్కడ దాని లాగుడు మొత్తం పనిచేస్తుంది. గోడకు నీటిని వదిలే సామర్థ్యం ఎంత ఉందో అందులో ఆక్వాపోరిన్ల వాటా 2 శాతం దాటదు. అయినా గాఢమైన గ్లూకోజు బ్యాగు పెట్టినప్పుడు వచ్చే నీటిలో దాదాపు సగం ఆ 2 శాతం దారిలోంచే వస్తుంది. ఆక్వాపోరిన్-1 లేకుండా పుట్టించిన ఎలుకల్లో దిగిన నీరు ఇంచుమించు సగానికి పడిపోయింది.

నీరు ముందు, ఉప్పు తరువాత

ఆక్వాపోరిన్ గుండా నీరు ఒంటరిగా వస్తుంది, ఉప్పు రాదు. 4.25 శాతం బ్యాగు నింపిన మొదటి గంట, గంటన్నరలో పొట్టలోని ద్రవంలో సోడియం పలచబడుతుంది. బ్యాగులో లీటరుకు 132 మిల్లీమోల్స్ ఉన్నది అయిదో పదో తగ్గుతుంది. దీన్నే డాక్టర్లు సోడియం సీవింగ్ అంటారు. ఆ తరువాత చిన్న రంధ్రాల గుండా సోడియం మెల్లగా వచ్చి కలుస్తుంది.

అంటే గంటకొకసారి ద్రవాన్ని తీసేస్తే నీరు పోతుంది, ఉప్పు ఒంట్లోనే ఉండిపోతుంది. ఉప్పు ఉంటే దాహం వేస్తుంది, దాహం వేస్తే తాగుతారు, బరువు మళ్లీ మొదటికి వస్తుంది. రాత్రంతా ద్రవాన్ని తానే నింపి తీసే యంత్రం మీద పొట్టి సైకిళ్లు (తక్కువ సమయం ఉంచి తీసే విడతలు) నడుపుతూ, నీరు బాగానే పోతోంది కానీ బీపీ దిగడం లేదని చెప్పేవాళ్లలో చాలామందికి కారణం ఇదే. బ్యాగులో వచ్చిన నీటిని కొలిచినంత శ్రద్ధగా బీపీనీ రాయమని నేను పట్టుబట్టేది అందుకే.

గంటలు గడిచేకొద్దీ ఏం జరుగుతుంది?

గ్లూకోజు పొట్టలో నిలబడదు. నాలుగు నుంచి ఆరు గంటల్లో అందులో 60 నుంచి 80 శాతం దాకా రక్తంలోకి వెళ్లిపోతుంది. అది పోతున్నకొద్దీ లాగే బలం తగ్గుతుంది. మరోవైపు పొట్టలోని ద్రవం లింఫు నాళాల్లోకీ చుట్టుపక్కల కణజాలంలోకీ నిమిషానికి 1 నుంచి 1.5 మిల్లీలీటర్ల చొప్పున నిరంతరం ఇంకిపోతూనే ఉంటుంది. ఈ ఇంకడం ఏ బ్యాగు పెట్టినా ఆగదు. లాగుడు ఇంకుడు కన్నా తగ్గిన క్షణం నుంచి మీ నీరు మీకే తిరిగి వచ్చేస్తుంది.

1.5 శాతం బ్యాగులో ఆ మలుపు ఇంచుమించు రెండు గంటలకే వస్తుంది. 4.25 శాతంలో నాలుగు గంటల దాకా రాదు. ఈ అంకెలు సగటు మనిషివి, మీ పొరను బట్టి అటూ ఇటూ జరుగుతాయి. రాత్రి పదింటికి 1.5 శాతం బ్యాగు నింపుకుని పొద్దున ఏడింటికి తీస్తే, నింపిన 2 లీటర్లకన్నా తక్కువ దిగడంలో ఆశ్చర్యం ఏమీ లేదు. బ్యాగు పాడైపోలేదు. గంటలు ఎక్కువయ్యాయి, అంతే.

మూడు గ్లూకోజు బ్యాగుల మధ్య ఎంపిక

2 లీటర్ల బ్యాగులో 1.5 శాతమైతే 30 గ్రాములు, 2.5 శాతమైతే 50, 4.25 శాతమైతే 85 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. పై లెక్క ప్రకారం అందులో ఎంత ఒంట్లోకి వెళుతుందో మీరే వేసుకోవచ్చు. మధుమేహం వల్ల కిడ్నీలు పోయిన ఇంట్లో ఈ లెక్క ప్రాణాధారం.

రోజువారీకి 1.5 శాతమే మొదటి ఎంపికగా ఉండాలని నా గట్టి అభిప్రాయం. మూత్రం ఇంకా వస్తున్నవాళ్లకు, ఉప్పు అదుపులో ఉన్నవాళ్లకు నాలుగైదు గంటల పగటి ఎక్స్ఛేంజులకు (ద్రవం నింపి తీసే విడతలకు) ఇది చాలు. వాపు, బీపీ కొంచెం పెరిగినప్పుడు, లేదా రాత్రి పొడవైన గంటలకు 2.5 శాతం సరిపోతుంది. హైదరాబాదులో నేను చూసే కుటుంబాల్లో ఎక్కువమందికి పగలు 1.5, రాత్రి 2.5 అనే కూర్పు కుదురుతుంది. 4.25 శాతం ఆపద సమయానికి దాచుకోవాల్సిన బ్యాగు. ఊపిరి ఆడకపోవడం, ఒక్కసారిగా బరువు పెరగడం లాంటివి వచ్చినప్పుడు డాక్టరు చెబితే పెట్టాలి. రోజూ వాడితే ఆ చక్కెరే పొట్టపొరలో కొత్త రక్తనాళాలు పుట్టిస్తుంది, పొరను మందంగా చేస్తుంది. నాళాలు పెరిగితే గ్లూకోజు ఇంకా వేగంగా జారిపోతుంది. అప్పుడు 4.25 కూడా నీరు తీయదు. ఈ రోజు సులువుగా దిగిన నీటికి రెండు మూడేళ్ల తరువాత పొర మూల్యం చెల్లిస్తుంది.

చాలా కంపెనీలు 1.5కు పసుపు, 2.5కు ఆకుపచ్చ, 4.25కు ఎరుపు గుర్తు పెడతాయి. అయినా రంగును నమ్ముకోకండి. కంపెనీ మారితే రంగు మారవచ్చు. ప్రతిసారీ బ్యాగు మీది అంకె చదవండి.

ఐకోడెక్స్ట్రిన్: వేరే దారిలో పనిచేసే బ్యాగు

ఇది 7.5 శాతం ద్రవం. పిండి పదార్థం నుంచి తయారైన గ్లూకోజు గొలుసులు ఇందులో ఉంటాయి. దీని ద్రవాభిసరణ గాఢత దాదాపు రక్తంతో సమానం. పైన చెప్పిన లెక్క ప్రకారం చూస్తే అసలు నీటినే లాగకూడదు. కానీ ఈ గొలుసు అణువులు పెద్దవి, చిన్న రంధ్రాల్లోంచి సులువుగా జారిపోవు, అక్కడే నిలబడి నీటిని రప్పిస్తాయి. ఆక్వాపోరిన్ల అవసరం దీనికి లేదు. నీటితోపాటు సోడియమూ వస్తుంది. మెల్లగా లాగుతుంది, కానీ 8 గంటల నుంచి 16 గంటల దాకా లాగుతూనే ఉంటుంది. సీఏపీడీ వాళ్లకు రాత్రికి, యంత్రం వాడేవాళ్లకు పగటికి, మొత్తం మీద రోజుకు ఒక్క బ్యాగు. నాలుగు గంటల పగటి ఎక్స్ఛేంజుకు దీన్ని పెట్టడం డబ్బు వృథా.

రాత్రి 2.5 కూడా నీరు తీయలేకపోతున్నప్పుడు 4.25కు ఎక్కడం కన్నా ఐకోడెక్స్ట్రిన్‌కు మారడం మేలని నా సలహా, స్థోమత ఉంటే. ధర ఎక్కువ, అన్ని చోట్లా ఎల్లవేళలా దొరకదు. ఆరోగ్యశ్రీ కింద చికిత్స పొందేవాళ్లు ఏ బ్యాగులు ఇస్తారో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి, దాన్ని బట్టి డాక్టరుతో మాట్లాడండి.

ఒక ప్రమాదం గురించి మాత్రం ప్రతి ఇంట్లోనూ గట్టిగా చెబుతాను. ఐకోడెక్స్ట్రిన్ ఒంట్లో విరిగి మాల్టోజుగా మారుతుంది. కొన్ని గ్లూకోమీటర్ల స్ట్రిప్పులు ఆ మాల్టోజును గ్లూకోజుగా చదివేస్తాయి. అసలు చక్కెర 60 ఉన్నా మీటరు 180 చూపించవచ్చు. దాన్ని నమ్మి ఇన్సులిన్ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. జీడీహెచ్-పీక్యూక్యూ పద్ధతిలో పనిచేసే స్ట్రిప్పులు వాడకూడదు. మాల్టోజు అడ్డురాదని ఆ స్ట్రిప్పు డబ్బా మీదో లోపలి కాగితం మీదో రాసి ఉందో లేదో చూసుకోండి. బ్యాగు ఆపిన తరువాత కూడా రెండు వారాల దాకా ఈ జాగ్రత్త ఉండాలి. వేరే ఆసుపత్రిలో అత్యవసరంగా చేరాల్సి వస్తే అక్కడి నర్సుకు ముందు చెప్పాల్సిన మాట ఇదే.

మీ పొర ఏ రకం?

దీనికి పెట్ (పెరిటోనియల్ ఈక్విలిబ్రేషన్ టెస్ట్) అనే పరీక్ష ఉంది. జ్బిగ్న్యూ ట్వార్డోవ్‌స్కీ 1987లో రూపొందించారు. 2.5 శాతం ద్రవం 2 లీటర్లు నింపి నాలుగు గంటలు ఉంచి, ద్రవంలోని క్రియాటినిన్‌ను రక్తంలోని క్రియాటినిన్‌తో భాగిస్తారు. 0.81 దాటితే వేగవంతమైన పొర, 0.5 కన్నా తక్కువైతే నిదానమైన పొర, మధ్యలో 0.65 దగ్గర గీత గీసి రెండు సగటు రకాలుగా విడదీస్తారు. డయాలిసిస్ మొదలుపెట్టి కనీసం నాలుగు వారాలు దాటాక చేయాలి. పెరిటోనైటిస్ (పొట్టపొరకు ఇన్ఫెక్షన్) వచ్చి తగ్గితే మళ్లీ ఒక నెల ఆగాలి.

వేగవంతమైన పొర ఉన్నవాళ్లకు మలినాలు త్వరగా బయటికి వస్తాయి, గ్లూకోజు అంతే త్వరగా లోపలికి పోతుంది. నీరు తీయడమే వీళ్లకు కష్టం. పొట్టి గంటలు, రాత్రి యంత్రం, పొడవైన గంటలకు ఐకోడెక్స్ట్రిన్ వీళ్లకు నప్పుతాయి. యంత్రం కొనలేనివాళ్లకు పగటి ఎక్స్ఛేంజుల గంటలు తగ్గించి, రాత్రి పొట్ట ఖాళీగా ఉంచమని కొందరు డాక్టర్లు చెబుతారు. మూత్రం కొంత వస్తున్నంతకాలం అది మంచి మార్గమే. నిదానమైన పొర ఉన్నవాళ్లకు నీరు బాగా దిగుతుంది, మలినాలకు మాత్రం గంటలు కావాలి. వీళ్లకు చేత్తో చేసుకునే సీఏపీడీయే మేలు. వీళ్లను రాత్రి యంత్రం మీద పొట్టి సైకిళ్లకు పెడితే యూరియా, సోడియం రెండూ మిగిలిపోతాయి.

యంత్రం గురించి అడిగేవాళ్లకు ఇంకో మాట. రాత్రి ఎనిమిది నుంచి పది గంటలు కరెంటు ఉండాలి. ఎండాకాలం గాలివానకు కరెంటు పోయే కాలనీల్లో ఇన్వర్టర్ లేకుండా యంత్రం తీసుకోవద్దు. ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు, బడికి వెళ్లే పిల్లలకు మాత్రం అది పగలంతా తిరిగి ఇస్తుంది. దాని విలువ డబ్బుతో కొలవలేం.

బ్యాగు మార్చే ముందు

నీరు తక్కువ దిగడం వేరు, నీరు తక్కువ ఊరడం వేరు. మలబద్ధకం ఉంటే పేగులు క్యాథెటర్‌ను (పొట్టలో అమర్చిన గొట్టాన్ని) నొక్కేస్తాయి, దాని కొన పైకి జరిగిపోతుంది. పొట్టలో నీరు ఉన్నా బయటికి రాదు. ట్యూబు మడత పడినా, తెల్లని ఫైబ్రిన్ పోగులు అడ్డుపడినా అంతే. నింపడానికీ దింపడానికీ పట్టే సమయం మామూలు కన్నా ఎక్కువైతే తప్పు బ్యాగుది కాదు. ముందు విరేచనం సాఫీగా అయ్యేలా చూసుకుని, క్లినిక్‌కు ఫోను చేయండి.

దిగిన నీరు మబ్బుగా ఉంటే ఆ బ్యాగును పారేయకుండా వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇన్ఫెక్షన్‌లో రక్తనాళాలు వాచి గ్లూకోజు వేగంగా లోపలికి పోతుంది, కాబట్టి నీరూ హఠాత్తుగా తగ్గిపోతుంది. కడుపునొప్పి లేదని ఆగకండి.

ఉప్పు సంగతి. ఆవకాయ, అప్పడం, బేకరీ బిస్కెట్లు, రంజాన్ నెలలో హలీం: ఇవి తిన్న మరునాడు బరువు పెరిగితే దానికి మందు 4.25 శాతం కాదు. ఇరానీ చాయ్ కప్పులూ రోజువారీ నీటి లెక్కలోకే వస్తాయి. మే నెల ఎండల్లో చెమట ఎక్కువ పోతుంది, ఆ రోజుల్లో అలవాటుగా గాఢమైన బ్యాగు పెట్టేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, మిగిలిన కాస్త మూత్రమూ తగ్గవచ్చు. ఎండాకాలం పొడి బరువు (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) ఎంతో డాక్టరుతో మళ్లీ మాట్లాడుకోండి. పై అంతస్తులో రేకుల కింద బ్యాగుల పెట్టెలు పేర్చకండి, లేబుల్ మీద రాసిన ఉష్ణోగ్రత చూసి చల్లని గదిలో ఉంచండి.

నీరు కొలిచే పద్ధతి సరిగా లేకపోతే ఈ ఎంపికలన్నీ గాలిలో మేడలే. కొత్త బ్యాగులో రాసిన 2 లీటర్ల కన్నా కొంచెం ఎక్కువ ద్రవం ఉంటుంది. నింపే ముందు ట్యూబును కడగడానికి వదిలిన ద్రవం కూడా డ్రెయిన్ బ్యాగులోకే చేరుతుంది. దాన్ని లెక్కలో తీయకపోతే ప్రతి ఎక్స్ఛేంజుకు దాదాపు 100 మిల్లీలీటర్లు లేని నీరు ఉన్నట్టు కనిపిస్తుంది. రోజుకు నాలుగు మార్పిళ్లు చేసేవాళ్లకు అది 400 అవుతుంది. నాలుగు గంటల 4.25 శాతం ఎక్స్ఛేంజులో 400 కన్నా తక్కువ వస్తే పొర నీరు తీయడంలో విఫలమైందని డాక్టర్లు అనుమానిస్తారు. అంటే ఒక్క ఎక్స్ఛేంజులో ఆ 100 మిల్లీలీటర్ల పొరపాటు కూడా ఈ సమస్యను దాచేయగలదు. కడిగే ద్రవం ఎంతో మీ నర్సును అడిగి, దాన్ని తీసేసిన అంకెనే పుస్తకంలో రాయండి. పక్కన బ్యాగు శాతం, నింపిన సమయం, తీసిన సమయం, ఆ రోజు బరువు, బీపీ, వచ్చిన మూత్రం ఉండాలి. తదుపరి అపాయింట్‌మెంటుకు ఆ పుస్తకమే తీసుకెళ్లి, ‘నా పెట్ ఫలితం ఎంత? రాత్రి బ్యాగు నాకు ఎక్కువ గంటలు ఉంటోందా?’ అని ఈ రెండు ప్రశ్నలూ అడగండి.